బావ కోసం తాగిన పొగ

మొదటి గుక్క నేను మింగలేదు. పరుగెత్తి వెళ్ళి అక్క వంటగది సింకులో ఉమ్మేశాను. కుళాయి తిప్పి, పుక్కిలించి, నాలుకని వేళ్ళతో గీక్కుని మళ్ళీ ఉమ్మేశాను. హాల్లోంచి బావ నవ్వు వినిపించింది. మామూలు నవ్వు కాదు, కుర్చీ కిర్రుమనేంత నవ్వు. అక్క నా పక్కకి వచ్చి నిలబడింది. నాకేదో మంచినీళ్ళు ఇస్తుందనుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది.

"ఎన్నాళ్ళకి నవ్వారో చూశావా?" అంది. "వెళ్ళు, వెళ్ళి ఇంకో గుక్క తాగు."

తోడబుట్టిన తమ్ముడి కడుపులో పేగులు నోటికొస్తుంటే ఆవిడకి ఆనందబాష్పాలు. ఏం చెప్పను నా ఖర్మ.

నా పనేమిటో చెబితే గానీ నా అసహ్యం మీకు అర్థం కాదు. నేను కాలిన ఇళ్ళు శుభ్రం చేస్తాను. మంటలార్పేవాళ్ళు నీళ్ళు కొట్టి వెళ్ళిపోయాక, ఏడ్చేవాళ్ళు ఏడ్చి అలిసిపోయాక, మా మనుషులం వెళ్తాం. మసి పట్టిన గోడలని తడిగుడ్డతో తుడవకూడదు, తుడిస్తే మసి గోడలోకి ఇంకిపోతుంది. పొడి స్పాంజితో పైనుంచి కిందికి, ఒక్కొక్క పట్టీ తీసుకుంటూ రావాలి. కరిగి కారిన స్విచ్చుబోర్డులు, నీళ్ళు తాగి ఉబ్బిన పరుపులు, కరెంటు పోయి లోపల సరుకంతా కుళ్ళిన ఫ్రిజ్‌లు, ఇవన్నీ మేమే మోసి బయట పడేయాలి. ఆ వాసన జుట్టులో, చెవుల్లో, గోళ్ళ కింద చేరి కూర్చుంటుంది. షెడ్డులో ఒళ్ళు ఎర్రబడేలా రుద్దుకుని స్నానం చేసి, అక్కడి బట్టలు అక్కడే వదిలి వచ్చినా, అన్నం ముద్ద నోటి దగ్గరికి రాగానే వేళ్ళలోంచి పలకరిస్తుంది. ఇంట్లో అగరుబత్తి కూడా వెలిగించనివ్వని మనిషిని నేను.

అలాంటి నాకు వారమంతా పొగలో చచ్చి, ఆదివారం సాయంత్రం పొగ తాగమని ఆజ్ఞ. తాగడమంటే చుట్టా బీడీ కాదు, గ్లాసులో పోసుకుని తాగాల్సిన పొగ.

ఇదంతా బావ ముక్కు వల్ల వచ్చింది. మా బావ బేకరీలో ఓవెన్ మేస్త్రి. గడియారం పెట్టుకుని రొట్టె కాల్చే రకం కాదు. అటు తిరిగి పిండి పిసుకుతూనే, "మూడో అర తియ్యండి, అయిపోయింది" అని కేకేసేవాడు. తీస్తే సరిగ్గా అయ్యుండేది. పిండి ఎక్కువ పులిసిందా, వెన్న పాతదా, ఓవెన్‌లో ఏ మూల వేడెక్కువైందా, అన్నీ ముక్కుతోనే పట్టేసేవాడు. ఆ మధ్య ఒక జ్వరం వచ్చి తగ్గింది. పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది. పనిలోకి వెళ్ళిన రోజే రొట్టెలు బొగ్గయ్యాయి. గదంతా పొగ నిండి అందరూ దగ్గుతూ పరిగెత్తి వస్తే, ఈయన ఓవెన్ ముందు నిలబడి చక్కగా పిండి పిసుకుతున్నాడట. బేకరీ యజమాని మంచివాడే. "ముక్కు వచ్చేదాకా కౌంటర్లో కూర్చో" అన్నాడు. రొట్టెలు కాల్చిన చేత్తో బావ రొట్టెలు సంచిలో వేసి ఇస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చి గోడకేసి తిరిగి పడుకునేవాడు.

ముక్కు డాక్టరు మందేమీ ఇవ్వలేదు. ఘాటైన వాసనలు రోజూ చూపిస్తూ ఉండమన్నాడు, ముక్కుకి మళ్ళీ అక్షరాభ్యాసం చేయించినట్టు. అక్క పట్టుబట్టి చేసింది. పొద్దున్నా సాయంత్రం బావ కళ్ళు చేత్తో మూసి, నిమ్మతొక్క, లవంగం, నీలగిరి తైలం ఒకదాని తర్వాత ఒకటి ముక్కు దగ్గర పెట్టేది. "ఇదేంటి చెప్పండి?" "తెలీదు." "ఇది?" "తెలీదే." అలా నెలలు గడిచాయి.

అప్పుడు ఊడిపడ్డాడు ఓడ ఇంజనీరు. రోజూ బేకరీకొచ్చి బావతో కబుర్లు చెప్పే రిటైరైన పెద్దమనిషి. ఒక స్కాచ్ సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. చిత్తడి నేలల్లో ఏళ్ళ తరబడి గడ్డీ నాచూ కుళ్ళి గట్టిపడితే, దాన్ని పెళ్ళగించి, ఎండబెట్టి, ఆ కుళ్ళు మంట మీద ధాన్యం ఆరబెట్టి చేస్తారట. పీట్ పొగ అంటారట. "దీని వాసన తెలియకపోతే ఇక నీకు ముక్కు లేనట్టే" అన్నాడట. కుళ్ళిన గడ్డి కాల్చి, ఆ పొగని తాగడానికి అంతమంది ఎగబడుతున్నారంటే మనుషులకి ఏం పోయేకాలమో!

ఆ రోజు బావ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పొగ!" అన్నాడు. అంతే, అక్క ఆయన్ని పట్టుకుని ఏడ్చేసింది.

వారానికోసారి ఒక గ్లాసు వైద్యం అని అక్కే నిర్ణయించింది. కానీ అక్కకి ఒక పట్టుదల ఉంది. మా నాన్న తలుపేసుకుని ఒంటరిగా తాగి పోయిన మనిషి. అందుకని అక్క ఇంట్లో ఎవరూ ఒంటరిగా తాగకూడదు. తను ముట్టదు. ఇక మిగిలింది ఎవరు? ఎత్తుకుని పెంచిన తమ్ముడు. కాదంటే ఎలా?

"సరే, ఎలా ఉందో చెప్పరా మసిగుడ్డా" అన్నాడు బావ, నేను సింకు దగ్గర్నుంచి వచ్చి కూర్చోగానే. ఆయన నాకు పెట్టిన ముద్దుపేరది.

"ఎలా ఉందా? కాలిన వైరులా ఉంది. ఆసుపత్రిలో కట్టు కట్టి విప్పిన గుడ్డ, దాన్ని ఉప్పునీళ్ళలో నానబెట్టి పిండితే ఎలా ఉంటుందో అలా ఉంది. తడిసిన గోనెసంచి తగలబెట్టి, దాన్ని మళ్ళీ నీళ్ళు పోసి ఆర్పినట్టుంది. ఛీ! దీన్ని చేసినవాడి ఇల్లు..."

కాలిపోను అనబోయి ఊరుకున్నాను. మా వృత్తిలో అలా అనకూడదు.

బావ కళ్ళు మూసుకుని వింటున్నాడు. "గోనెసంచి... పిండి గోనెలాగా, ఉల్లిపాయల గోనెలాగా?"

"కుళ్ళిన ఉల్లిపాయల గోనె."

మళ్ళీ నవ్వు. లోపల్నుంచి అక్క గిన్నెలు కూడా సంతోషంగా చప్పుడు చేశాయి.

ఇలా కొన్ని ఆదివారాలు గడిచాయి. శనివారం నుంచే నాకు కడుపులో దేవడం మొదలయ్యేది. ఒకసారి తారు డబ్బా అన్నాను. ఒకసారి కాలిన చేపల బుట్ట అన్నాను. ఒకసారి చొక్కా చేతిని కొరుక్కుంటూ కూర్చున్నాను. చివరికి ఓపిక నశించి ఒక ఉపాయం పన్నాను. వంటగదిలో ముందుగానే పాలు కలపని చల్లటి టీ నా గ్లాసులో పోసుకుని వచ్చి, బుద్ధిమంతుడిలా కూర్చుని, గుక్కగుక్కకీ మొహం వికారంగా పెట్టి, పాత తిట్లే అటూ ఇటూ మార్చి చెప్పాను. ఎవరూ కనిపెట్టలేదు. మరుసటి వారం కూడా అదే చేశాను.

ఆ వారమే కొంప మునిగింది. అక్క బల్ల తుడుద్దామని రెండు గ్లాసులూ ఎత్తి, తుడిచి, మళ్ళీ పెట్టింది. నా టీ బావ ముందుకీ, బావ విస్కీ నా ముందుకీ వచ్చాయి. నేను చూశాను. నోరు తెరిచాను. ఏమని చెప్పను? మూసేశాను.

బావ గ్లాసు ఎత్తి వాసన చూశాడు. నిదానంగా, కళ్ళు మూసుకుని, రొమ్ము నిండా పీల్చాడు.

"ఆహా" అన్నాడు అక్క వైపు తిరిగి. "ఇవాళ పొగ బాగా తెలుస్తోందే!"

అక్క మొహం చూడాలి అప్పుడు. గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బావ ఒక గుక్క తాగాడు. ఆగాడు. గొంతులో మంట లేదు కదా. నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. ఆయన ఆ చల్లటి టీ చివరిదాకా తాగి, మూతి తుడుచుకుని, "బాగుంది" అన్నాడు. నా ముందున్నది నేను తాగాల్సొచ్చింది. ఆ రోజు దాని కంపు నాకు సరిగ్గా తెలియను కూడా లేదు, నా మనసు అంత పాడైంది.

"రారా, గాలికి మెట్ల మీద కూర్చుందాం" అన్నాడు బావ.

కింది ఇంటివాళ్ళు సైకిళ్ళు పెట్టుకునే చోట, మెట్ల మీద కూర్చున్నాం. కాసేపటికి నేనే అడిగాను.

"ఎప్పట్నుంచి బావా?"

"ఏది?"

"వాసన తెలుస్తోందని చెప్పడం."

"మొదట్నుంచీ" అన్నాడు. "ఇంజనీరు ముందే చెప్పాడుగా పొగ అని. పీల్చగానే ముక్కులో పొడిచినట్టయింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి. అది వాసన కాదు, మంట. మీ అక్క నా నోట్లోకి చూస్తూ నిలబడింది. ఏం చెప్పమంటావు?"

"మరి లవంగానికీ నిమ్మకాయకీ కూడా అలాగే ఒక అబద్ధం చెప్పేయొచ్చుగా?"

"చెబుదామనే అనుకున్నా. కళ్ళు మూసి పెడుతుందిరా మహాతల్లి. ఏది ఏదో ఎలా చెప్పను?"

నాకు నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది. "మరి నాకెందుకీ శిక్ష? నీకు తెలీదు, నాకు పడదు. ఇద్దరం టీయే తాగొచ్చుగా?"

బావ చేతివేళ్ళు చూసుకుంటున్నాడు, పిండి అంటుకుని ఉందేమో అన్నట్టు.

"ముక్కు పోవడం ఒక ఎత్తురా. వాసనలు ఎలా ఉండేవో కూడా మర్చిపోతున్నాను. మొన్న కౌంటర్లో కూర్చుని రొట్టె వాసన గుర్తుతెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఇరవై ఏళ్ళు దాంట్లోనే బతికాను, రాలేదు. నువ్వు ఆ రోజు కాలిన వైరు అన్నావు చూడు, మా పాత ఓవెన్ స్విచ్చు మాడిన రోజు గుర్తొచ్చింది. వాసనతో సహా. గోనెసంచి అన్నావు, పిండి గోదాం గుర్తొచ్చింది. నువ్వు ఛీ అని మొహం అలా పెట్టినప్పుడు మాత్రమే నాకేదో అందుతోంది. బాగుంది, ఘుమఘుమ అని ఎవరు చెప్పినా రావడం లేదు."

తర్వాత ఇంకో మాట చెప్పాడు. యజమాని ఓవెన్‌కి కొత్త మేస్త్రిని చూసుకున్నాడట. వచ్చే నెల కాక ఆ పై నెల ఒకటో తారీఖు నుంచి వస్తాడట. "తప్పు లేదులే, ఆయన మాత్రం ఎన్నాళ్ళు ఆగుతాడు. వాడొచ్చాక నాకు ముక్కు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. మీ అక్కకి ఇంకా చెప్పలేదు."

నా టీ సంగతి తలుచుకుంటే నా మీద నాకే రోత పుట్టింది. ఆ రాక్షసపు సారాని మించిన రోత.

ఆ తర్వాత నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని తాగాను. అబద్ధంగా ఛీ అనడం నాకు చేతకాదని తెలిసిపోయింది, నిజంగా అసహ్యపడాలంటే నిజంగా తాగాలి. బేకరీ దగ్గర ఇంజనీరుని పట్టుకుని పద్ధతి అడిగాను. రెండు చుక్కలు నీళ్ళు కలపమన్నాడు. గబుక్కున మింగకుండా నాలుక మీద తిప్పమన్నాడు. మింగాక నోరు మూసి ముక్కుతో ఊపిరి వదలమన్నాడు. అంత కంపుని నోట్లో ఊరబెట్టుకోవాలని విన్నప్పుడే నాకు చెమటలు పట్టాయి. కానీ చేశాను. పొగ కింద ఉప్పు దొరికింది. ఉప్పు కింద మందుల అలమర, దాని కింద ఎండిపోయి చీమలు పట్టిన పళ్ళు. దొరికినవన్నీ దొరికినట్టే చెప్పాను. బావ ప్రతిదాన్నీ పట్టుకుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేవాడు.

ఒక ఆదివారం, మింగాక ఊపిరి వదులుతుంటే అన్నిటికన్నా అడుగున ఇంకేదో తగిలింది.

"బావా, రొట్టె."

"ఏ రొట్టె?" కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఏమో. కొంచెం మాడిన రొట్టె."

"పైన మాడిందా, అడుగున మాడిందా?"

మళ్ళీ ఒక గుక్క తీసుకున్నాను. ఎవరో పరీక్ష పెడుతున్నట్టుంది. "అడుగున."

"చల్లారిందా, అప్పుడే తీసిందా?"

"అప్పుడే తీసింది. పైపెంకు చిటచిటలాడుతున్నప్పటిది."

బావ రెండు బొటనవేళ్ళూ దగ్గరికి తెచ్చి, గాల్లో ఒక రొట్టెని విరిచాడు. విరిచి, ఆ ఖాళీ చేతులు మొహం దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. నాకు చూడబుద్ధి కాలేదు. అక్క పిలిస్తే లేచి లోపలికి వెళ్ళాను.

ఆ తర్వాత నాకు పట్టింది అసలు జబ్బు. ఒక రోజు పనిలో, కాలిన హాల్లో గోడ తుడుస్తూ, మొహానికి కట్టుకున్న మాస్కు కిందికి లాగి ఊపిరి పీల్చాను. నోట్లో నీళ్ళూరాయి. ఒట్టు. ఎవరి సంసారమో బుగ్గిపాలై నల్లగా నా ముందుంటే నాకు నోరూరింది. ఛీ, నా బతుకు! వెంటనే మాస్కు పైకి లాక్కుని ఆ రోజంతా ఎవరి మొహమూ చూడలేదు. అయినా ఆదివారం కోసం ఎదురుచూడటం మాత్రం ఆగలేదు. శనివారం కడుపులో దేవడం పోయింది. సీసా మూత తీసిన చప్పుడుకే ప్రాణం లేచొచ్చేది.

"ఊఁ, చెప్పు" అన్నాడు బావ, ఒక ఆదివారం నేను గ్లాసు దించగానే.

"బాగుంది బావా."

"బాగుందేంటిరా, చెప్పు."

"చెప్పాగా. బాగుంది. మెత్తగా, కమ్మగా..."

బావ మొహం చిన్నబోయింది. "నువ్వు కూడా కౌంటర్లో కూర్చుని అన్నీ బాగున్నాయనేవాడివి అయిపోయావురా" అన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ఛీ అనడానికి శతవిధాల ప్రయత్నించాను. నోట్లోంచి రాలేదు.

కొత్త మేస్త్రి వచ్చే ఒకటో తారీఖుకి ముందు ఆదివారం మాకు పని పడింది. ఒక చెప్పుల దుకాణం కాలింది. లోపల చెప్పులన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దలు ముద్దలుగా ఉన్నాయి. పారలతో గీకి తీశాం. సాయంత్రం అయింది. మిగతావాళ్ళు షెడ్డులో స్నానాలకి వెళ్ళారు. నా ఒంటికి కంపు ఉందనే నాకు తోచలేదు. చేతులు కడుక్కుని, సీసా గుర్తొచ్చి, తిన్నగా అక్క ఇంటికి వచ్చేశాను. అలా ఎప్పుడూ రాలేదు.

తలుపు తీసే ఉంది. బూట్లు బయట విప్పి వట్టికాళ్ళతో లోపలికి నడిచాను. బావ నాకు వీపు పెట్టి సింకు దగ్గర ప్లేట్లు కడుగుతున్నాడు. కుళాయి ధారగా పోతోంది. నేనింకా పలకరించలేదు.

"ఛీ! ఏంటే ఈ కంపు?" అన్నాడు బావ, అక్కని ఉద్దేశించి, వెనక్కి తిరగకుండా.

నేను ఆగిపోయాను. ఆయన ఇంకో ప్లేటు తీసుకున్నాడు. సబ్బు రాశాడు. అప్పుడు తన మాట తనకి వినిపించినట్టుంది. చెయ్యి ఆగింది. మెల్లగా తిరిగాడు.

"నువ్వా?"

"నేనే."

"ఏం కాలింది?"

"నువ్వే చెప్పు బావా."

తడి చేతులతో నా కాలరు పట్టుకుని, మెడ దగ్గర ముక్కు పెట్టాడు. "రబ్బరు" అన్నాడు. ఇంకోసారి పీల్చి, "జిగురు. ఛీ ఛీ, తోలు కూడా ఉందిరా" అన్నాడు. వాంతి వచ్చినట్టయి సింకు దగ్గరికి పరిగెత్తాడు. తమాయించుకుని మళ్ళీ వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు, మళ్ళీ పరిగెత్తాడు.

"చెప్పుల కొట్టు" అన్నాను.

అక్క సగం మడతపెట్టిన దుప్పటితో గదిలోంచి వచ్చి మా ఇద్దరినీ చూసింది. దుప్పటి అక్కడే వదిలేసి, డబ్బాలోంచి లవంగం తీసి, ఒక చేత్తో ఆయన కళ్ళు మూసి, ఇంకో చేత్తో ముక్కు దగ్గర పెట్టింది.

"లవంగం" అన్నాడు బావ. "కుళ్ళిపోయిన లవంగం."

"కుళ్ళలేదండీ, కొత్తవే" అంటూ నిమ్మతొక్క పెట్టింది.

"నాకు కుళ్ళు వాసనే వస్తోంది. నిమ్మకాయ కూడా కంపే. నువ్వూ వాసనొస్తున్నావే!"

"రానివ్వండి" అంది అక్క, ఏడుస్తూ. ముక్కు తిరిగొచ్చేటప్పుడు ముందు ఇలా కంపులే వస్తాయని డాక్టరు ఎప్పుడో చెప్పాడట.

"ఆ సీసా తియ్యరా" అన్నాడు బావ.

పోసి ఇచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాడో లేదో, మొహం అష్టవంకర్లు తిరిగిపోయింది. నేను మొదటి రోజు పెట్టిన మొహం అదే అయ్యుంటుంది.

"ఇదా! ఇన్నాళ్ళూ నాతో తాగించింది ఇదా? కాలిన వైరు, ఆసుపత్రి గుడ్డ... నువ్వు చెప్పినవన్నీ ఉన్నాయిరా దీంట్లో. ఒక్కటీ అబద్ధం కాదు."

"రొట్టె?" అన్నాను.

ముక్కు మూసుకుని కాసేపు ఓర్చుకున్నాడు. మళ్ళీ గ్లాసు దగ్గరికి తెచ్చి, కళ్ళు మూసి, చాలాసేపు పీల్చాడు. కళ్ళ కొసల్లోంచి నీళ్ళు జారుతున్నాయి.

"ఉంది" అన్నాడు. "అడుగున ఉంది. ఎవడో మాడ్చేశాడు వెధవ."

గ్లాసు దూరంగా నెట్టేసి లేచి నిలబడ్డాడు. "రేపు పొద్దున్నే యజమాని దగ్గరికి వెళ్తాను. కంపు కొడితే కొట్టనీ, మాడిన కంపు ఏదో మాడని కంపు ఏదో నాకు తెలిస్తే చాలు."

"ముందు ఈ దరిద్రాన్ని బయట పారేయాలి" అంది అక్క. సీసా పట్టుకుని సింకు దగ్గరికి నడిచింది.

"అక్కా, కొంచెం..." అన్నాను.

"కొంచెమేంటి? ఆయన తాగరు, నేను తాగను. ఈ ఇంట్లో ఒంటరిగా కూర్చుని తాగేది లేదు, తెలుసుగా."

సీసా తలకిందులైంది. గుడగుడమంటూ వాసన వంటగదంతా కమ్ముకుంది. బావ ముక్కు మూసుకుని, "ఛీ, ఛీ, చంపేశారు కదే" అని నవ్వుతూ, ఏడుస్తూ, మెట్ల మీదికి పరిగెత్తాడు. అక్క సీసా నా చేతిలో పెట్టి ఆయన వెనకే వెళ్ళింది. నేను మాత్రం సింకు మీదికి వంగి, చివరి చుక్క కిందికి జారిపోయేదాకా గట్టిగా ఊపిరి పీలుస్తూ నిలబడ్డాను.